శ్వాస.. ఆసనం.. అక్షరం

● రోజుకు అరగంట.. ఒక చాప, ఒక నోటు పుస్తకం చాలు
● ఎరుక, యోగా, రచన కలిస్తే మనసుకు ఊరట
● పరిమితులు తెలుసుకుని సాధన చేస్తేనే ప్రయోజనం

బోడుప్పల్: తెల్లవారి ఆరు దాటిందంటే చాలు, వరంగల్ జాతీయ రహదారిపై ఉప్పల్ కూడలి వైపు వాహనాల బారులు మొదలవుతాయి. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులు, మెట్రో అందుకోవాలని ఆరాటపడే ఉద్యోగులు, పిల్లలను బడి బస్సు ఎక్కించి మళ్లీ వంటింట్లోకి పరుగెత్తే గృహిణులు.. ఎవరి తొందర వారిది. సాయంత్రం అదే దారిలో, అదే పొగలో తిరుగు ప్రయాణం. ఇంటికి చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. పడుకుంటే నిద్ర రాదు.

ఒకనాడు ఘట్‌కేసర్ మండలంలో పంచాయతీగా ఉన్న బోడుప్పల్ 2016లో పురపాలక సంఘంగా, 2019లో నగరపాలక సంస్థగా ఎదిగింది. నల్గొండ, వరంగల్, ఖమ్మం వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు వచ్చింది. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో దుమ్ము, గుంతలు, నిరీక్షణ ఈ ప్రాంతవాసుల దినచర్యలో భాగమయ్యాయి. ఊరు పెరిగింది, తీరిక తరిగింది.

ఈ నేపథ్యంలో మనసును కుదుటపరచుకునే మార్గాలపై ఆసక్తి పెరుగుతోంది. ఉద్యానవనాల్లో ఉదయపు యోగా బృందాలు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ధ్యానం నేర్పే తరగతులూ ఉన్నాయి. వీటికి తోడు రోజూ కొంత రాసుకోవడం కూడా మేలు చేస్తుందన్న మాట వినిపిస్తోంది. ఈ మూడింటినీ విడివిడిగా చేయాలంటే సమయం చాలదు. కలిపి చేయవచ్చా? చేస్తే నిజంగా ఫలితం ఉంటుందా? ఉంటే ఎంత?

'ఎరుక' మన మాటే

ఆంగ్లంలో 'మైండ్‌ఫుల్‌నెస్' అని ప్రచారంలోకి వచ్చిన పదానికి మూలం పాళీ భాషలోని 'సతి'. సంస్కృతంలో అదే 'స్మృతి'. జరుగుతున్న దానిని జరుగుతున్నప్పుడే, మంచిచెడ్డల తీర్పు చెప్పకుండా గమనించడం దాని సారం. తెలుగులో దీనికి 'ఎరుక' కంటె మంచి మాట లేదు. తెలంగాణ పల్లెల్లో 'నీకు ఎరుకేనా?' అని అడగడం నేటికీ నిత్య వ్యవహారం. అంటే పదం మన ఇంట్లోనే ఉంది, సాధనే మరుగున పడింది.

బౌద్ధ సంప్రదాయంలోని ఈ సాధనను ఆసుపత్రి వాకిట్లోకి తెచ్చిన వ్యక్తి అమెరికాకు చెందిన జాన్ కబాట్-జిన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం ఆయన ఒక శిక్షణ ప్రారంభించారు. అది ఎనిమిది వారాల కార్యక్రమంగా స్థిరపడింది. అందులో కూర్చుని చేసే ధ్యానంతో పాటు తేలికపాటి హఠయోగ ఆసనాలూ ఉన్నాయి. అంతేకాదు, రోజూ ఎదురైన ఒక సంతోషకర సంఘటననో, ఒక అప్రియ సంఘటననో పట్టికలో రాసుకుని రావడం అభ్యాసకులకు ఇచ్చే ఇంటిపని. ఆ క్షణంలో ఒంట్లో ఏమనిపించింది, మనసులో ఏ ఆలోచన మెదిలింది అన్నది రాయాలి. అంటే ఎరుక, యోగా, రాత ఒకే గొడుగు కిందికి రావడం కొత్త ప్రయోగమేమీ కాదు.

యోగా అంటే ఒంటిని విల్లులా వంచడమేనన్న భావన చాలామందిలో ఉంది. పతంజలి యోగసూత్రాలు 195. వాటిలో ఆసనాన్ని నేరుగా వివరించేవి మూడే. ఆసనానికి ఆయన పెట్టిన కొలత ఒంటి వంపు కాదు, స్థిరత్వం, సుఖం. ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది, ప్రాణాయామం నాలుగవది. తర్వాతే మనసును లోపలికి మళ్లించడం, ఏకాగ్రత, ధ్యానం వరుసగా వస్తాయి. ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరులో తీర్మానించిన మీదట 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ ఒక్క రోజు మైదానంలో చాప పరచి మిగిలిన 364 రోజులు మరచిపోతే ఒరిగేదేమీ లేదు.

యోగానికి, అక్షరానికి ఉన్న చుట్టరికానికి తెలుగువారికి ఎక్కడికో వెళ్లి వెతకవలసిన పని లేదు. మనం వేమనను కవి అని ఎంతగా తలచుకుంటామో, యోగి అనీ అంతగానే పిలుచుకుంటాం. కడపలో విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు సైతం 'యోగి వేమన'. చూసిన దానిని సూటిగా చూడటం, చూసిన దానిని నాలుగు చిన్న పాదాల్లో ఒదిగేలా చెప్పడం.. ఆ రెండు పనులూ ఆయనలో వేరుగా లేవు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఆందోళనలో అది వేగమవుతుంది, పైపైన సాగుతుంది. గుండె వేగం, చెమట, జీర్ణక్రియ వంటివి మన ఆజ్ఞకు నేరుగా లొంగవు. శ్వాస మాత్రం తనంతట తాను నడుస్తూనే, మనం తలచుకుంటే మన మాట వింటుంది. అందుకే అది తలుపు వంటిది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం స్వల్పంగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. నిమిషానికి ఆరు శ్వాసల వరకు నెమ్మదింపజేసి, వదిలే సమయాన్ని పెంచితే శరీరాన్ని శాంతపరిచే నాడీ వ్యవస్థకు పైచేయి లభిస్తుంది. బిగిసిన భుజాలు, దవడ మెల్లగా సడలుతాయి.

ఆసనాలు చేసే మేలు మరొకటి. గంటల తరబడి ద్విచక్ర వాహనంపైనో, యంత్రం ముందో, కంప్యూటరు ఎదుటో ఒకే భంగిమలో ఉండే ఒంటికి అవి కదలిక నిస్తాయి. కదులుతున్న అవయవం మీద దృష్టి నిలిపితే, రేపటి చీటీ పాట గురించి, నిన్నటి మాట పట్టింపు గురించి సాగే ఆలోచన కాసేపు ఆగుతుంది. అలా కుదురుకున్న మనసు రాయడానికి కూర్చుంటే, తొలి వాక్యం కోసం వెతుక్కోవలసిన అవసరం తగ్గుతుంది. ముందు ఒళ్లు, తరువాత ఊపిరి, ఆ తరువాత కలం అనే వరుసలోని అంతరార్థం ఇదే.

కాగితం మీద పెడితే..

బాధను రాసుకుంటే తేలికపడుతుందని పెద్దలు అనుభవంతో చెప్పిన మాటను శాస్త్రీయంగా పరీక్షించినవారు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్. వారి పరిశోధన 1986లో వెలువడింది. కొందరు విద్యార్థులను వరుసగా నాలుగు రాత్రులు, రాత్రికి 15 నిమిషాల చొప్పున, తమ జీవితంలో ఎదురైన గాయం గురించి రాయమన్నారు. మరికొందరికి సాధారణ విషయాలు ఇచ్చారు. జరిగిన సంగతితో పాటు తమకేమనిపించిందో కూడా రాసినవారు, తర్వాతి ఆరు నెలల్లో అనారోగ్యంతో కళాశాల ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. రాసిన వెంటనే వారికి హాయి కలగలేదు. దిగులు పెరిగింది, రక్తపోటు కూడా కాస్త హెచ్చింది. మేలు కనిపించింది తరువాతి కాలంలోనే. పుండును కడిగేటప్పుడు మంట పుట్టడం వంటిదే ఇది. ఆ తరువాత ఎన్నో దేశాల్లో ఇటువంటి పరిశోధనలు జరిగాయి. వాటిలో 146 అధ్యయనాలను కలిపి 2006లో జోవాన్ ఫ్రాటరోలి చేసిన సమీక్ష, సగటు ప్రయోజనం నిజమే గాని చిన్నదని తేల్చింది. కనుక రాత సర్వరోగ నివారిణి అని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. ఖర్చు లేని, చిన్నదైనా నిజమైన సహాయం అనుకోవడమే సబబు.

మన రచయితల దారి

తెలుగు సాహిత్యంలో ఇందుకు తార్కాణాలు లేకపోలేదు. హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేసి, 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న రావూరి భరద్వాజకు పెద్ద చదువులు లేవు. భార్య కాంతం మరణించిన తరువాత ఆ దుఃఖాన్ని ఆయన కాగితం మీదనే మోశారు. ఆమెను ఉద్దేశించి రాసుకున్న 'నాలోని నీవు' తెలుగులో స్మృతి సాహిత్యానికి చిరునామాగా నిలిచింది. నిజాం పాలన చివరి రోజుల్లో నిజామాబాదు జైలులో ఉన్న దాశరథి కృష్ణమాచార్యకు కాగితం, కలం దొరకని వేళ బొగ్గుముక్క, జైలు గోడ దొరికాయి. ఆ గోడ మీదనే ఆయన పద్యం రాశారు.

వారు యోగాసనాలు వేసి రాశారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఊపిరి సలపని స్థితిలో అక్షరం మనిషిని నిలబెట్టగలదన్నదే గ్రహించవలసినది. మనం రాసేది పుస్తకం కానక్కరలేదు, ఎవరూ చదవనక్కరలేదు.

చూడటం వేరు.. రాయడం వేరు

మూడింటినీ కలపడం అంటే కలగాపులగం చేయడం కాదు. వనస్థలిపురం సమీపంలో నాగార్జునసాగర్ రోడ్డుపై ఉన్న 'ధమ్మఖేత్త' విపశ్యన కేంద్రాన్నే తీసుకుందాం. సత్యనారాయణ గోయెంకా బోధించిన పద్ధతిలో అక్కడ పది రోజుల శిబిరాలు నిర్వహిస్తారు. ఆ రోజుల్లో మాట్లాడటమే కాదు, చదవడం, రాయడం కూడా నిషేధమే. కారణం స్పష్టం. 'ఈ అనుభవాన్ని ఎలా రాయాలి' అని ఆలోచించేవాడు అనుభవాన్ని విడిచి వాక్యాన్ని పట్టుకుంటాడు. గమనించవలసిన మనసు గుమాస్తాగా మారుతుంది.

అందువల్ల సాధకులు ఒక నియమం పెట్టుకోవడం మంచిది. కళ్లు మూసుకుని కూర్చున్నంతసేపు కలం దగ్గర ఉండరాదు. మంచి వాక్యం తట్టినా పోనివ్వాలి. లేచి, నీళ్లు తాగి, ఆ తరువాతే పుస్తకం తెరవాలి. పోయిందనుకున్న వాక్యం అవసరమైతే తిరిగి వస్తుంది.

అరగంట ఇలా..

ప్రారంభించేవారికి అనువైన ఒక క్రమం ఇది. సమయం ఉదయమే కానక్కరలేదు, రాత్రి భోజనానికి ముందైనా సరే. కడుపు తేలికగా ఉంటే చాలు.

మొదటి 10 నిమిషాలు ఒంటికి: తాడాసనంలో నిలబడి రెండు పాదాల మీద బరువు సమంగా పడుతున్నదో లేదో చూసుకోవాలి. చేతులు పైకెత్తి దించడం, మార్జాలాసనం, భుజంగాసనం, పవనముక్తాసనం నెమ్మదిగా చేసి చివర రెండు నిమిషాలు శవాసనంలో ఉండాలి. లెక్కకంటె నిదానం ముఖ్యం.

తరువాతి 8 నిమిషాలు ఊపిరికి: వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. కింద కూర్చోలేనివారికి కుర్చీ అభ్యంతరం కాదు. నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలాలి. రెండు మూడు నిమిషాల తరువాత లెక్క మాని, ముక్కు కొన వద్ద గాలి తాకిడిని గమనిస్తే చాలు. మనసు పక్కదారి పడుతుంది. పట్టిందని తెలిసినప్పుడు విసుక్కోకుండా తిరిగి రావాలి. అలా తిరిగి రావడమే సాధన; పక్కదారి పట్టకపోవడం కాదు.

చివరి 12 నిమిషాలు రాతకు: కలం ఆపకుండా రాయాలి. అక్షర దోషాలు, వ్యాకరణం పట్టించుకోవద్దు. పుట్టింటి యాసలో వస్తే ఆ యాసలోనే రాయాలి. ఏమి రాయాలో తోచనివారు వేమన పద్యపు కట్టడిని అనుసరించవచ్చు. ఆయన ఆటవెలదిలో సాధారణంగా మూడు పాదాలు విషయానికి, నాలుగవది మకుటానికి. అదే తీరున మూడు వాక్యాలు రాసుకోవాలి. ఒకటి, ఈ రోజు కంటితో చూసినది. రెండు, అప్పుడు ఒంట్లో తెలిసినది. మూడు, ఇప్పుడు దాని గురించి అనిపిస్తున్నది. నాలుగవ వాక్యం రోజూ ఒకటే, తమకు తాము చెప్పుకునే మాట. నెల తిరిగేసరికి ఆ పుస్తకం తమ గురించి తమకే తెలియని సంగతులు చెబుతుంది.

మిగిలిన రోజంతా ఎరుకకు అవకాశాలే. ఉప్పల్ కూడలిలో ఎర్ర దీపం పడినప్పుడు హారను మీది చేయి తీసి మూడు శ్వాసలు గమనించవచ్చు. పోపులో ఆవాలు చిటపటలాడటం, కరివేపాకు వాసన మారటం పూర్తిగా వినవచ్చు, చూడవచ్చు. టీ గ్లాసు వేడిని అరచేతిలో నిలుపుకోవచ్చు. ఇందుకు అదనపు సమయం ఏమీ అక్కరలేదు.

అడ్డంకులు.. దారులు

'నాకు రాయడం రాదు' అనేవారే ఎక్కువ. బడి మానేసి ఏళ్లు గడిచినవారికి కలం పట్టడమే సంకోచం. వారు చరవాణిలో తమ గొంతును రికార్డు చేసుకున్నా సరిపోతుంది. పనివేళలు మారుతుండే కార్మికులు గడియారాన్ని కాకుండా సందర్భాన్ని గుర్తు పెట్టుకోవాలి. షిఫ్టు దిగి స్నానం చేసిన వెంటనే అని అనుకుంటే ఏ షిఫ్టుకైనా వర్తిస్తుంది. అరగంట దొరకని రోజున మూడు నిమిషాలు.. ఒక సాగదీత, పది శ్వాసలు, ఒక వాక్యం. మానేయడం కంటె తగ్గించుకోవడం మేలు.

అందరికంటె పెద్ద అడ్డంకి మహిళలది. రెండు గదుల ఇంట్లో, నలుగురి మధ్య, తాను రాసుకున్న పుస్తకాన్ని దాచుకునే చోటు ఉండదు. ఎవరైనా చదువుతారేమోనన్న భయంతో రాసేది నిజం కాలేదు. ఇందుకు పరిష్కారం ఒక్కటే. విడి కాగితంపై రాసి, చదువుకుని, చించివేయడం. ప్రయోజనం రాయడంలో ఉంది గాని దాచడంలో లేదు. అదే సమయంలో, ఒకరి నోటు పుస్తకం మరొకరు తెరవరాదన్న మర్యాద ఇంటిల్లిపాదీ పాటించవలసినది.

జాగ్రత్తలు తప్పనిసరి

అధిక రక్తపోటు, గ్లకోమా, వెన్నుపూస సమస్యలున్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా కొత్త ఆసనాలు మొదలుపెట్టరాదు. తలకిందులుగా చేసే ఆసనాలు, బలంగా ఊపిరి వదిలే కపాలభాతి వంటివి పుస్తకం చూసి, వీడియో చూసి నేర్చుకోవలసినవి కావు. ఊపిరి బిగబట్టడం ఆరంభకులకు అవసరం లేదు. తల తిరిగితే వెంటనే మామూలు శ్వాసకు రావాలి.

మనసు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. తీవ్రమైన గాయం తగిలిన వెంటనే దానిని తవ్వి రాయడం కొందరికి హాని చేయవచ్చు. ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే భయం, బెంగ పెరిగేవారూ ఉన్నారు. అటువంటప్పుడు ఆపివేయడం ఓటమి కాదు. వరుసగా రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకడం వ్యర్థమన్న ఆలోచన రావడం జబ్బు లక్షణాలు. వాటికి వైద్యుడు కావాలి, నోటు పుస్తకం సరిపోదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలి మానస్' సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మందులు వాడుతున్నవారు యోగా మొదలుపెట్టామని వాటిని సొంతంగా మానరాదు.

వార్తలో పట్టనిది

చివరగా ఈ వ్యాసకర్త అనుభవం ఒకటి. లైన్ అకౌంటు మీద బతికే విలేకరికి రహదారి ప్రమాదం అంటే ఆరు లైన్ల వార్త. పేరు, వయసు, ఊరు, వాహనం, పోలీసుల కథనం. కొన్నేళ్ల క్రితం ఒక ఉదయం ఇదే జాతీయ రహదారిపై షిఫ్టుకు వెళ్తున్న యువకుని ప్రమాద వార్త రాయవలసి వచ్చింది. రోడ్డు పక్కన అతని టిఫిన్ డబ్బా మూత ఊడి పడి ఉంది. అన్నం ఇంకా వేడిగా ఉంది. ఆరు లైన్లలో ఆ డబ్బాకు చోటు లేదు. వార్త పంపించిన తరువాత చాలా రోజులు రాత్రి అన్నం కలుపుకునే వేళ అదే గుర్తుకు వచ్చేది. సగం తిని లేవడం, ఇంట్లోవారిపై విసుక్కోవడం అలవాటైంది.

వైద్యుడు రక్తపోటు మాత్ర రాసి, నడవమని, యోగా చేయమని సలహా ఇచ్చారు. మాత్ర మొదలైంది, ఆసనాలూ మొదలయ్యాయి. ఒక రాత్రి శవాసనం నుంచి లేచి, పాత వార్తల ప్యాడుపై ఆ డబ్బా గురించి రాయడం జరిగింది. రెండు పేజీలు. రాస్తున్నంతసేపు చేయి వణికింది. మరునాడు బాగుందని చెప్పలేం. కాని వారం రోజుల తరువాత పళ్లెంలోని అన్నం పూర్తయింది. మాత్ర ఇప్పటికీ వాడుతున్నదే. రహదారి అదే, వార్తలు అవే. మారినదల్లా, వార్తలో పట్టనిది పెట్టుకునేందుకు ఒక చోటు దొరకడం.

రహదారి విస్తరణ మన చేతిలో లేదు, షిఫ్టు వేళలు మన చేతిలో లేవు. ఊపిరి మన చేతిలో ఉంది. చాప ఖరీదు, పది రూపాయల నోటు పుస్తకం ఖరీదు ఎవరికీ భారం కావు. ఈ రాత్రి ఇంట్లో అందరూ నిద్రించాక పది శ్వాసలు గమనించి, ఒక్క వాక్యం రాసి చూడవచ్చు. అది బాగుందా లేదా అని ఎవరినీ అడగనక్కరలేదు.